రాతికప్పలు నడిచిన రోజు

థర్మామీటరును నీళ్ళలోకి దించాక అయిదు నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి. ఆ అయిదు నిమిషాలూ కనీపా చేతికి పని ఉంటుంది గాని కళ్ళకు ఉండదు. అందుకే సారికమిస్ సరస్సులో ఏం జరిగినా ఆమెకు ఆ కాస్త సమయంలోనే తెలిసేది. బాతులు ఎన్ని దిగాయో, ఒడ్డున మంచు ఎంత కరిగిందో, రాత్రి నక్క ఎటు పోయిందో, అన్నీ చెక్కవంతెన చివర మోకాళ్ళ మీద కూర్చుని, తాడు పట్టుకుని చూసినవే.

మార్చిలో వచ్చే నౌరిజ్ పండుగ వెళ్ళిన నాలుగో రోజు పొద్దున అలాగే రాతికప్పను చూసింది.

తాబేలును ఆ ఊళ్ళో రాతికప్ప అనే అంటారు. వంతెనకు పది అడుగుల దూరంలో, విరిగి పడిన పాత జమ్ము మీద ఉందది. అరచేతికంటే కాస్త పెద్దది. ఒంటినిండా ఎండిన బురద. మెడ సగం చాచి, ఆ బరువు కూడా మోయలేనట్టు గడ్డాన్ని జమ్ము మీద ఆనించింది. కళ్ళింకా తెరవలేదు. అయిదు నెలలు నీటి అడుగున బురదలో ఉన్న ముఖం మీద ఎండ పడుతోంది. చిప్పకు కుడివైపు పలకలు కరిగి, ముడతపడి, మళ్ళీ గట్టిపడిన మచ్చ ఒకటి ఉంది.

ఆ మచ్చను చూస్తూ కూర్చుండిపోయింది కనీపా. అయిదు నిమిషాలు కాస్తా ఏడయ్యాయి.

థర్మామీటరు పైకి లాగి చదివింది. అయిదు పాయింట్ రెండు. కొలకర్ర మీద నీటిమట్టం రెండు వందల నాలుగు సెంటీమీటర్లు. రెండూ పెన్సిలుతో రాసుకుంది. ఆ పుస్తకంలో ప్రతి పేజీకీ ఎడమపక్క కాస్త ఖాళీ ఉంటుంది. ఏటా ఈ రోజుల్లో ఒక్కసారి అందులో ఒకే ఒక్క మాట పడుతుంది: 'నడిచాయి'. మొదట ఆమె భర్త రాసేవాడు. ఆయన పోయాక ఆరేళ్ళుగా ఆమె రాస్తోంది. పెన్సిలు మొన ఆ ఖాళీ దాకా వెళ్ళింది. కాసేపు అక్కడే ఉండి, వెనక్కి వచ్చింది.

ఆ మాట కోసం ఊళ్ళో ఏడు ఇళ్ళవాళ్ళు ఎదురుచూస్తుంటారు. రాతికప్ప నడిచి బయటికొస్తే ఇక చలి తిరిగిరాదని అక్కడి నమ్మకం. ఆ రోజే పాత జమ్ముకు నిప్పు పెడతారు. కాలిన నేలలోంచి వారంలోపే పచ్చిక మొలుస్తుంది, ఈనిన గొర్రెలకు పాలు పడతాయి. తొందరపడి ముందే కాలిస్తే మొలకలు మంచుకు మాడిపోతాయి. ఆలస్యం చేస్తే జాయిక్ నది పొంగి నీళ్ళు జమ్ములోకి వచ్చేస్తాయి, తడిసిన జమ్ము అంటుకోదు. రోజుకు రెండుసార్లు సరస్సుకు పోయేది కనీపా ఒక్కతే కనుక ఆమె మాటే ముహూర్తం.

పోయిన ఏడాది కూడా ఆమే చెప్పింది. చెప్పిన పూటే నిప్పు పెట్టారు. మూడో రోజున కొత్త కొలకర్ర పాతడానికి కాలిన నేల మీదుగా నడిచి వెళ్ళింది. దారిలో నల్లటి చిప్పలు. అన్నీ నీళ్ళవైపే తిరిగి ఉన్నాయి. ఒకదాన్ని పైకెత్తితే దాని కింద అరచేతంత మేర జమ్ము కాలకుండా పసుపుగా, గుండ్రంగా మిగిలి ఉంది. రెండోదాని కిందా అంతే. పదకొండు దాకా లెక్కపెట్టి మానేసింది.

ఎనిమిదింటికి జిల్లా వాతావరణ కేంద్రానికి ఫోను చేసి అంకెలు రెండూ చదివింది.

"ఇంకేమైనా ఉందా?" అంది అవతలి అమ్మాయి.

"ఏం లేదమ్మా" అంది కనీపా.

ఇంటికొచ్చి టీ పెట్టుకుందో లేదో గుమ్మం ముందు మోటారుసైకిలు ఆగింది. పక్కన తొట్టి ఉన్న పాత బండి అది. ఆ చప్పుడుకే కుక్క తోక ఊపుకుంటూ లేచింది. వచ్చింది ఆమె మరిది సగిందిక్. ఆమె పెళ్ళయి వచ్చిన నాటికి వాడికి తొమ్మిదేళ్ళు. అత్తింటివాళ్ళ పేర్లు కోడలు పలకకూడదు కనుక ఆ రోజే వాడికి దొరబాబు అని పేరు పెట్టింది. ఇప్పుడు వాడి గడ్డం సగం నెరిసింది, పిలుపు మాత్రం మారలేదు.

"వదినా, రాళ్ళు నడిచాయా?" అన్నాడు సగిందిక్ గుమ్మంలోంచే.

"బూట్లు విప్పి లోపలికి రా దొరబాబూ. నీ బురదంతా నేనే కడగాలి."

"ముందు జవాబు చెప్పు. మంచి వార్తయితే బూట్లేం ఖర్మ, మేజోళ్ళు కూడా విప్పుతాను."

"ఆ వాసనకి రాతికప్పలు మళ్ళీ బురదలోకే పోతాయి." కనీపా పాలు పోసి గిన్నె అందించింది. చూపు మాత్రం గిన్నె మీదే ఉంచింది. "లేదు. ఇంకా నడవలేదు."

సగిందిక్ ఒక క్షణం ఆమె వైపు చూశాడు. తర్వాత నూనెలో వేయించిన బౌర్సాక్ ఒకటి తీసుకుని టీలో ముంచాడు. "ఎండ బాగానే కాస్తోందే."

"ఎండ పైన. నీళ్ళు కింద."

"అయితే సరే. నీ అంతటి దానివి నువ్వు లేదన్నాక ఇంకేముంది." రెండు గుటకల్లో టీ తాగేసి లేచాడు. "నా గడ్డి పది రోజులకి వస్తుందనుకున్నాను. నలభై తల్లులు ఒక్కసారే ఈనుతుంటే ఎక్కడొస్తుంది?"

మర్నాడు నీళ్ళు ఆరు పాయింట్ ఒకటి. మట్టం రెండు వందల పది. జమ్ము మీద రాతికప్పలు నాలుగయ్యాయి. మచ్చది నిన్న ఉన్నచోటే ఉంది, కాకపోతే కళ్ళు తెరిచింది. కనీపా వంతెన మీద కాలితో గట్టిగా తట్టి చూసింది. ఒక్కటీ కదల్లేదు. పొడవాటి కర్ర కొసతో ఒకదాని చిప్పను మెల్లగా నొక్కింది. అది కాళ్ళు లోపలికి లాక్కుంది, అంతే. నీళ్ళు దానికి రెండడుగుల దూరంలోనే ఉన్నాయి. ఆ రెండడుగులు దానికిప్పుడు ఊరవతలి ఊరు.

పాత పుస్తకాలు ఇంట్లో పెట్టెలో ఉన్నాయి. మధ్యాహ్నం నాలుగైదు తీసి ముందేసుకుంది. భర్త ఎడమపక్క ఖాళీలో అప్పుడప్పుడు ఇంకో మాట కూడా రాసేవాడు: 'దూకుతున్నాయి'. అడుగు చప్పుడుకే రాతికప్పలు నీళ్ళలోకి దూకిన మొదటి రోజు అది. ఎందుకు రాసేవాడో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడా మాటకు ఎదురుగా ఉన్న అంకెలు చూసింది. తొమ్మిది పాయింట్ ఎనిమిది. పది పాయింట్ రెండు. పది. ఏ ఏడాది చూసినా పదికి అటూ ఇటూనే.

అంటే ఇంకో నాలుగైదు రోజులు. నాలుగైదు రోజులపాటు 'లేదు' అనాలి.

సాయంత్రం సరస్సు నుంచి వస్తూ సగిందిక్ కొట్టానికి వెళ్ళింది. వాడి భార్య రైఖాన్ గడ్డి పరుచుకుని నేల మీదే కూర్చుని ఉంది. ఒళ్ళో గొర్రెపిల్ల, చేతిలో పాలసీసా.

"అక్కా, దీన్ని కాస్త పట్టుకో. మూడోదానికి పట్టొస్తాను" అంది రైఖాన్. "తల్లికి పొదుగు ఖాళీ. గుద్దిగుద్ది దాని నోరే పుండైంది పాపం."

కనీపా పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. తడి ఉన్ని, కింద చిన్న చిన్న ఎముకలు. నోట్లో వేలు పెడితే చప్పరించింది, కాని ఆ చప్పరింపులో బలం లేదు. మూలన గోనెపట్టా కప్పి ఏదో ఉంది. రైఖాన్ అటు చూడలేదు, కనీపా కూడా అడగలేదు. పొద్దున ఉన్న పిల్ల ఒకటి ఇప్పుడు లేదని తెలుస్తూనే ఉంది.

రాతికప్పల కోసం గొర్రెల్ని చంపుకుంటామా అని ఊరు నవ్వుతుంది. నవ్వితే తప్పనడానికి ఆమె దగ్గర మాట లేదు. ఒళ్ళోని పిల్ల తాగినంతసేపు తాగి, పాలమూతితోనే నిద్రపోయింది. కనీపా కాళ్ళు తిమ్మిరెక్కినా లేవలేదు.

మూడో రోజు గాలి తిరిగింది. ఉత్తరం నుంచి వచ్చే ఆ చలిని ఐదుగురు అతిథులు అంటారు. ఎప్పుడో ఐదుగురు ప్రయాణికులు అలాంటి వసంతపు చలిలోనే దారిలో గడ్డకట్టిపోయారట. సన్నటి మంచురవ్వ పడింది. నీళ్ళు నాలుగు పాయింట్ నాలుగుకు దిగాయి. రాతికప్పలు జమ్ము కింద దూరి ముడుచుకున్నాయి. కనీపా చేతులు నొప్పి పుట్టేదాకా తాడు పట్టుకుని కూర్చుంది. ఊళ్ళో మాత్రం అందరూ ఆమెను మెచ్చుకున్నారు. చూశారా, కనీపా చెప్పకపోబట్టి సరిపోయింది, లేకపోతే కాల్చి కూర్చునేవాళ్ళం అన్నారు. ఆ మెప్పు ఆమెకు చేదుగా తగిలింది.

నాలుగో రోజు ఎండ మళ్ళీ వచ్చింది. ఆరు పాయింట్ ఎనిమిది. మధ్యాహ్నం కబ్దోల్ ముసలాయన ఏడు ఇళ్ళవాళ్ళనూ తన ఇంటికి పిలిచాడు. ఆయన కనీపా మామగారికి అన్న. ఎనభై దాటినా మాట స్పష్టం. చిన్నప్పుడు ఒక ఏడాది రాతికప్ప నడవకముందే జమ్ము కాల్చి, మొలకలు మాడి, మంద సగానికి సగం పోవడం చూసినవాడు. అందుకే ఆ కట్టు తప్పనివ్వడు.

మగవాళ్ళు బల్ల చుట్టూ కూర్చున్నారు. కోడలు కనుక టీ పోయడం కనీపా పని. నీళ్ళు కాగే సమోవార్ పక్కన కూర్చుని, ఒక్కొక్క గిన్నెలో ముందు పాలు, తర్వాత డికాక్షను, తర్వాత వేడినీళ్ళు పోసి అందిస్తోంది.

"నా దగ్గర మూడు రోజుల గడ్డి" అన్నాడొకడు.

"నా దగ్గర అదీ లేదు. పైకప్పు జమ్ము పీకి వేస్తున్నాను."

"వేస్తే వేశావు గాని మీ ఆవిణ్ణి అడిగే పీకావా?"

నవ్వులు ఆగాక కబ్దోల్ గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా కోడలా. నీళ్ళు రోజూ ఎక్కుతున్నాయి. నిన్నటి చలి కూడా వెళ్ళిపోయింది. నువ్వు రెండుపూటలా వెళ్తున్నావు. నీ కళ్ళతో చూసింది చెప్పు. రాతికప్ప నడిచిందా?"

సగిందిక్‌కు చెప్పడం వేరు. భర్త బతికుండగా కూడా ఈ ముసలాయన ముందు తలెత్తి ఎరగదు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకోటి తెలియదు. 'నడిచింది మామయ్యా' అన్న మాట గొంతులోకి వచ్చేసింది. చేయి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఆయన గిన్నెలోకి వేడినీళ్ళు పడుతూనే ఉన్నాయి.

గదిలో మాటలు ఆగిపోవడం విని ఆమె కిందికి చూసింది. గిన్నె అంచుదాకా నిండింది.

అక్కడ టీ సగం గిన్నె పోస్తే గౌరవం. నిండా పోశారంటే, తాగి బయల్దేరమని. ఇంటి పెద్దకు, ఆయన ఇంట్లోనే, కోడలు నిండు గిన్నె పోసింది.

కబ్దోల్ కనుబొమలు పైకి లేచాయి. అంతలో సగిందిక్ బల్ల మీదుగా చేయి చాచి ఆ గిన్నెను తన ముందుకు జరుపుకున్నాడు.

"అది నాకు పోసిందిలే పెదనాన్నా. పొద్దున్నుంచీ నన్ను ఇంటికి తరిమేయాలనే చూస్తోంది మా వదిన. నీ చేతికి దగ్గరగా పెట్టిందంతే." అందరూ నవ్వారు. ముసలాయన కూడా మీసంలో నవ్వాడు. సగిందిక్ వేడివేడి టీని ఊదుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "రాతికప్పలు నడవలేదు. నాకూ ఆత్రమే కదా, నిన్న సాయంత్రం సరస్సు చుట్టూ నేనే తిరిగొచ్చాను. ఒక్కటీ లేదు."

"నీకంటే ఆత్రం ఎవడికుంది? అయితే ఆగుదాం" అన్నాడు కబ్దోల్.

అది ముగిశాక వదినా మరుదులిద్దరూ ఇళ్ళవైపు నడిచారు. సగిందిక్ మోటారుసైకిలు తోసుకుంటూ వస్తున్నాడు.

"ఎందుకలా అన్నావు దొరబాబూ?"

"నువ్వెందుకలా అన్నావో అందుకే."

కనీపా ఆగిపోయింది. "నీకు తెలుసా?"

"మొదటి రోజు లేదన్నావు చూడు, ఆ సాయంత్రమే చూశాను. వంతెన పక్కన. ఒంటి మీద కాలిన మచ్చ ఉన్నది."

"మరి నన్ను అడగలేదేం?"

"ముప్పై ఏళ్ళు దాటింది వదినా నువ్వొచ్చి. ఒక్కసారి కూడా ఉన్నది లేదని చెప్పలేదు నువ్వు. అందుకని నా కళ్ళే తప్పు చూశాయనుకున్నాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. నాలుగున్నాయి." వాడు బండి ఆపి, స్టాండు వేశాడు. "అప్పుడనుకున్నాను, ఈవిడ లేదంటోందంటే ఏదో ఉందని."

ఆమె చెప్పింది. పదకొండు చిప్పలు, వాటి కింద కాలకుండా మిగిలిన గుండ్రటి జమ్ము, అన్నీ నీళ్ళవైపే తిరిగి ఉండటం. సగిందిక్ గడ్డం రుద్దుకుంటూ విన్నాడు.

"నిప్పు పెట్టింది నేనే కదా" అన్నాడు చివరికి. "ఎన్నాళ్ళు కావాలి నీకు?"

"నీళ్ళు పది డిగ్రీలు అయ్యేదాకా. పదికి వస్తే అడుగు చప్పుడుకే దూకేస్తాయి. నీ అన్నయ్య రాసిపెట్టాడు."

"ఇప్పుడెంత?"

"ఏడుకి దగ్గర. గాలి తిరక్కపోతే ఎల్లుండికి వస్తుంది."

"నా గడ్డి రేపటితో సరి."

"నా ఆవు గడ్డి ఉంది. మేటు సగం అలాగే ఉంది. తీసుకుపో."

"మరి నీ ఆవు?"

"అది ఒక్కతే కదా. నాలుగు రోజులు నన్ను తిట్టుకుంటుంది. నీ నలభై నన్ను తిట్టుకోవడం కంటే అది నయం."

సగిందిక్ నవ్వి, సరిగానే ఉన్న టోపీని మళ్ళీ సరిచేసుకున్నాడు. చీకటి పడేలోగా తొట్టిలో మూడుసార్లు గడ్డి వేసుకుపోయాడు. మూడోసారి ఆవు మెడ చాచి ఆ గడ్డిలోంచి నోటినిండా లాక్కుంది. వాడు బండి ఆపి, దాన్ని తిననిచ్చి, తర్వాత కదిలాడు.

అయిదో రోజు నీళ్ళు ఎనిమిదిన్నర డిగ్రీలు. ఆరో రోజు పొద్దున కనీపా వంతెన మీద మొదటి అడుగు వేసిందో లేదో జమ్ము మీద ఏదో జారింది. టపక్. ఇంకో అడుగు. టపక్, టపక్. ఎటు చూసినా నీళ్ళ మీద వలయాలే. మచ్చది అన్నిటికంటే వెనక మిగిలింది. తల పక్కకు తిప్పి ఆమెను చూసి, తొందరేమీ లేనట్టు అంచుదాకా నడిచి, మునిగింది. థర్మామీటరు పది పాయింట్ ఒకటి. మట్టం రెండు వందల ముప్పై మూడు. ఇంకో అడుగు లేస్తే నీళ్ళు జమ్ములోకి వస్తాయి.

ఆమె పుస్తకంలో వెనక్కి తిప్పింది. నౌరిజ్ తర్వాత నాలుగో రోజు పేజీలో, ఎడమపక్క ఖాళీలో 'నడిచాయి' అని రాసింది. ఈ రోజు పేజీలో 'దూకుతున్నాయి' అని రాసింది. తర్వాత నేరుగా కబ్దోల్ ఇంటికి వెళ్ళి, ఆ రెండు పేజీలూ ఆయన ముందు తెరిచి పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని ముసలాయన చాలాసేపు చదివాడు. మొదటి తేదీ మీద వేలుంచి ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది గాని మాట దాచలేదు. పోయినేడు చూసిందీ, ఈ ఏడు చేసిందీ అంతా చెప్పింది.

"నిండు గిన్నె పోసినప్పుడే అనుకున్నాను" అన్నాడాయన. కాసేపు పుస్తకం మూయలేదు. "రెండో మాట మావాడు ఎన్నేళ్ళు రాశాడు?"

"చాలా ఏళ్ళు మామయ్యా."

"మేం మొదటి మాటే అడిగాం." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వెళ్ళి పెట్టమను నిప్పు. వచ్చే ఏడు రెండోదే అడుగుతాం."

మధ్యాహ్నం గాలి నిలకడగా ఉంది. ఏడు ఇళ్ళవాళ్ళూ వెళ్ళారు. సగిందిక్ నిప్పు పెట్టేముందు ఒడ్డు పొడుగునా మోటారుసైకిలు హారను మోగిస్తూ, డబ్బా ఒకటి కర్రతో వాయించుకుంటూ అటూ ఇటూ మూడుసార్లు తిరిగాడు. పెళ్ళి ఊరేగింపుకి వచ్చావేంట్రా అని మిగతావాళ్ళు ఎగతాళి చేశారు. వాడు పట్టించుకోలేదు. సాయంత్రానికి మంట నీళ్ళదాకా వచ్చి ఆరిపోయింది. రాత్రి ఊరంతా కాలిన జమ్ము వాసన.

మర్నాడు తెల్లవారుతూండగానే కనీపా బయల్దేరింది. కొలకర్ర కంటే ముందు ఆ నేల చూడాలి. దగ్గరికి వచ్చేసరికి గట్టు మీద మోటారుసైకిలు కనిపించింది. తొట్టిలో ఏదో ఉంది, దాని మీద గొర్రెతోలు కోటు కప్పి ఉంది. ఈ చలిలో కోటు విప్పి, చొక్కాతో సగిందిక్ బూడిదలోంచి నడిచి వస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా నలుపు.

"ఏం వదినా, ఇంత పొద్దున్నే?"

"నువ్వేం ఇంత పొద్దున్నే?"

"నీకంటే ముందే చూసొద్దామని. చివరంటా తిరిగాను." చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఒక్కటీ లేదు. అన్నీ నీళ్ళలోనే ఉన్నాయి."

కనీపా వాడి వెనక చూసింది. చదునైన నల్లటి బూడిద మీద వాడి బూట్ల జాడ ఒకటే వరసగా సాగింది. ఒకచోట ఆ జాడ ఆగింది. రెండు మోకాళ్ళు ఆనిన గుర్తులు. వాటి ముందు అరచేతంత మేర జమ్ము, కాలకుండా, గుండ్రంగా, పసుపుగా ఉంది. ఇంకొంచెం అవతల మళ్ళీ మోకాళ్ళు, మళ్ళీ ఇంకొకటి. ఆపైన నీళ్ళదాకా అడుగులే తప్ప ఏమీ లేవు.

రెండు.

ఆమె కోటు వైపు చూడలేదు.

"ఒక్కటీ లేదా దొరబాబూ?"

"ఒక్కటీ లేదు వదినా."

"మంచిమాట చెప్పావు" అంది. "కోటు వేసుకో, జలుబు చేస్తుంది. ఇంటికి పో. రైఖాన్ ఒక్కతే అన్ని పిల్లలకీ పట్టలేదు."

వాడు తలూపి బండి ఎక్కాడు, కోటు మాత్రం వేసుకోలేదు. చప్పుడు గట్టు దాటేదాకా కనీపా అక్కడే నిలబడింది. తర్వాత వాడి జాడ వెంబడే నడిచింది. మొదటి గుండ్రటి మచ్చ దగ్గర ఆగి, బూటు కొసతో చుట్టూ ఉన్న బూడిదను దాని మీదకు మెల్లగా తోసింది. రెండోదాని మీదా అలాగే తోసింది. సాయంత్రం మళ్ళీ ఇటు వస్తే, వీటిని వదిన చూసేసిందని వాడికి అనిపించకూడదు.

వంతెన చివర మోకాళ్ళ మీద కూర్చుని తాడు వదిలింది. అయిదు నిమిషాలు. మచ్చది పడుకునే చోట ఇప్పుడు ఏమీ లేదు, నీళ్ళు మాత్రం సన్నగా కదులుతున్నాయి. గట్టు అవతల ఏడు ఇళ్ళ గొర్రెలూ అరుస్తున్నాయి. ఆమె థర్మామీటరు పైకి లాగి, ఎండకు తిప్పి, పది పాయింట్ ఎనిమిది అని రాసుకుంది.